అంకెలు ఒకచోట, ఘాతం ఒకచోట

కిరాణా కొట్లో క్యాలిక్యులేటర్ వాడే మనిషి వేళ్లను ఒకసారి పరిశీలనగా చూడండి. బియ్యం 25 కిలోలు, కిలో 52 రూపాయలు. కందిపప్పు 3 కిలోలు, కిలో 140. నూనె ప్యాకెట్లు రెండు, ఒక్కోటి 155. ఆయన 25×52 కొట్టాక ‘=’ జోలికి పోడు, ‘ఎం ప్లస్’ నొక్కుతాడు. 3×140, మళ్లీ ఎం ప్లస్. 2×155, మళ్లీ ఎం ప్లస్. పోయిన వారం పట్టుకెళ్లి వాడకుండా వాపసు తెచ్చిన సబ్బులు రెండున్నాయి, 35 చొప్పున. 2×35 కొట్టి ఈసారి ‘ఎం మైనస్’ నొక్కుతాడు. ఆఖరున ‘ఎంఆర్’. తెర మీద 1960 కనబడుతుంది. కాగితం మీద ఒక్క అంకె వేయకుండా బిల్లు తేలిపోయింది.

ఆ మూడు సరుకుల లెక్కనే ఎం ప్లస్ ముట్టుకోకుండా, అదే క్యాలిక్యులేటర్ మీద 25×52+3×140+2×155 అని వరసగా కొట్టి చూడండి. రావలసింది 2030. వచ్చేది 2,82,75,410. రెండు వేల చిల్లర బిల్లు రెండు కోట్ల ఎనభై రెండు లక్షలైంది! యంత్రం చెడిపోలేదు. నాలుగు ప్రక్రియల మామూలు క్యాలిక్యులేటర్‌కు ముందు గుణకారం చెయ్యాలి, తర్వాత కూడిక చెయ్యాలి అనే నియమం తెలియదు. ఏది ముందు కొడితే అది ముందు చేసేస్తుంది. 1300కు 3 కలిపి 1303 చేసింది. దాన్ని 140తో హెచ్చించింది. దానికి 2 కలిపి మొత్తాన్ని 155తో హెచ్చించింది. బడిలో మనం బాడ్‌మాస్ పేరుతో నేర్చుకున్న క్రమం దానికి లేదు కాబట్టి, ఆ పనిని ఎం ప్లస్ బటన్ చేస్తుంది. ఒక్కో లబ్ధాన్నీ విడిగా పూర్తి చేయించి, పక్కన ఉన్న ఒక అరలో పోగేస్తుంది. బ్రాకెట్లు లేని యంత్రానికి మెమొరీయే బ్రాకెట్.

ఆ అరలో ఏదో ఉందని చెప్పడానికి తెర మూలన చిన్నగా ‘ఎం’ అక్షరం వెలుగుతుంది. దాన్ని చూసే అలవాటు ఎంత అవసరమో లెక్క తప్పిన రోజున తెలుస్తుంది. పాత బిల్లు మొత్తం అరలో ఉండగానే కొత్త బిల్లు మొదలుపెడితే రెండూ కలిసిపోతాయి. ‘ఏసీ’ నొక్కితే తెర మీద సున్నా వస్తుంది కానీ, చాలా మోడళ్లలో మెమొరీ చెక్కుచెదరదు. దాన్ని ఖాళీ చెయ్యడానికి ‘ఎంసీ’ వేరే ఉంటుంది. కొన్నిటిలో ‘ఎంఆర్‌సీ’ అని ఒకటే బటన్: ఒకసారి నొక్కితే ఉన్నది చూపిస్తుంది, వెంటనే రెండోసారి నొక్కితే తుడిచేస్తుంది. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్లలో అయితే స్విచ్ ఆపి మళ్లీ వేసినా ఎం అరలోని సంఖ్య సాధారణంగా అలాగే ఉంటుంది. అందుకే వాటిలో సున్నాను ఎం లోకి పంపించి అరను ఖాళీ చెయ్యాలి.

ఆ అరలో ఎంత పెద్ద సంఖ్య పడుతుంది? కొట్లో ఉండే క్యాలిక్యులేటర్ తెర మీద సాధారణంగా 12 అంకెలు పడతాయి. 12 తొమ్మిదులు అంటే లక్ష కోట్లకు ఒకటి తక్కువ. లక్ష కోట్లు రాయాలంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు, మొత్తం పదమూడు అంకెలు కావాలి. ఈ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ బడ్జెట్టూ తెలంగాణ బడ్జెట్టూ లక్షల కోట్లలోనే ఉంటున్నాయి. అంటే పేపర్లో మనం రోజూ చదివే మొత్తాన్ని రూపాయల్లో కొట్టాలంటే బల్ల మీది క్యాలిక్యులేటర్‌కు చోటు చాలదు. లెక్క ఆ హద్దు దాటగానే తెర మీద తప్పు గుర్తు పడుతుంది, యంత్రం అక్కడితో ఆగిపోతుంది. అదే ఇంజినీరింగ్ విద్యార్థి చేతిలోని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తెరకు పది అంకెలే ఉన్నా సరే, సూర్యుడి బరువును తొణక్కుండా పట్టుకుంటుంది. తక్కువ అంకెలున్న యంత్రం ఎక్కువ పెద్ద సంఖ్యను ఎలా మొయ్యగలుగుతోంది? ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

*

సంఖ్యలో రెండు రకాల సమాచారం ఉంటుంది. అంకెలేమిటి అనేది ఒకటి, అవి ఏ స్థానంలో ఉన్నాయి అనేది రెండోది. 5,972 అన్నా 59,72,000 అన్నా అంకెలు అవే, స్థానం మారింది. భూమి ద్రవ్యరాశిని కిలోల్లో రాయాలంటే 5972 పక్కన ఇరవై ఒక్క సున్నాలు పెట్టాలి. ఆ సున్నాల్లో కొలిచి తెలుసుకున్నదేమీ లేదు, అవి స్థానాన్ని చూపడానికి నిలబెట్టినవే. వాటిని వరసగా పేర్చే బదులు, ఎన్ని స్థానాలో ఒక చిన్న సంఖ్యతో చెప్పేస్తే సరిపోతుంది: 5.972×10²⁴. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో దీన్ని ప్రామాణిక రూపం అన్నారు. దశాంశ బిందువుకు ఎడమ పక్క సున్నా కాని ఒక్క అంకె, తర్వాత తక్కిన అంకెలు, ఆపైన పది, దాని మీద ఘాతాంకం.

సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఈ రూపాన్ని చూపించడానికి మాత్రమే వాడుతుందని చాలామంది అనుకుంటారు. కానీ అది సంఖ్యను గుర్తుపెట్టుకునేది కూడా ఈ రూపంలోనే. ఈ సంగతి ఒక్కటి తెలిస్తే మెమొరీ బటన్లూ, ఘాతాంకం బటనూ, వింతగా కనిపించే ఎర్రర్లూ అన్నీ ఒకే కథలో భాగాలని అర్థమవుతుంది.

1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ హెచ్‌పీ-35 అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. చేతిలో పట్టే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్లలో అదే మొదటిది. అంతకు నాలుగేళ్ల ముందు అదే సంస్థ 9100ఏ అని బల్ల మీద పెట్టుకునే యంత్రాన్ని చేసింది. అలాంటిది తన చొక్కా జేబులో పట్టాలని సంస్థ స్థాపకుల్లో ఒకరైన బిల్ హ్యూలెట్ పట్టుబట్టాడు. చిన్నదైతే అయింది గానీ ధర 395 డాలర్లు. మొత్తం 35 బటన్లున్నాయి కాబట్టి పేరులో 35 వచ్చింది. ఆ యంత్రం లోపల ఒక్కో సంఖ్యకు పద్నాలుగు గళ్లు కేటాయించారు. సంఖ్య ధనమా ఋణమా చెప్పడానికి ఒక గడి. అంకెలకు పది గళ్లు. ఘాతాంకం ధనమా ఋణమా చెప్పడానికి ఒకటి. ఘాతాంకానికి రెండు. ఒక్కో గడికీ నాలుగు బిట్లు చొప్పున మొత్తం 56 బిట్లు. కంప్యూటర్లు మామూలుగా సంఖ్యలను రెండు ఆధారంగా, ద్విసంఖ్యామానంలో దాచుకుంటాయి. క్యాలిక్యులేటర్ మాత్రం ఒక్కో దశాంశ అంకెనూ విడివిడిగా, మనం కాగితం మీద రాసుకున్నట్టే దాచుకుంటుంది.

ఆ గళ్లను మనసులో పెట్టుకుని ఇప్పుడు మీ దగ్గరున్న సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో 69 కొట్టి, ఆశ్చర్యార్థకంలా కనిపించే ఫ్యాక్టోరియల్ బటన్ నొక్కండి. 1 నుంచి 69 వరకు అన్ని సంఖ్యల లబ్ధం, 1.711224524×10⁹⁸ అని వస్తుంది. ఇప్పుడు 70. చాలా మోడళ్లలో ‘మ్యాథ్ ఎర్రర్’ వస్తుంది. 70 ఫ్యాక్టోరియల్ విలువ దాదాపు 1.198×10¹⁰⁰. ఘాతాంకానికి ఉన్నవి రెండే గళ్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 99. ఆ యంత్రానికి వంద అనే ఘాతాంకం రాసుకోవడానికి చోటు లేదు. హెచ్‌పీ-35 వచ్చి యాభై ఏళ్లు దాటినా, నేటి విద్యార్థుల చేతుల్లోని కాసియో ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్, ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ లాంటివి ఈ రెండు గళ్ల హద్దులోనే ఉన్నాయి.

ఆఖరి జవాబు చిన్నదే అయినా దారిలో హద్దు దాటితే యంత్రం ఆగిపోతుంది. 80 ఫ్యాక్టోరియల్‌ను 78 ఫ్యాక్టోరియల్‌తో భాగిస్తే వచ్చేది 80×79, అంటే 6320. నాలుగు అంకెల సంఖ్య. కానీ 80!÷78! అని కొడితే మ్యాథ్ ఎర్రరే. 80 ఫ్యాక్టోరియల్ దగ్గరే దాని గళ్లు నిండిపోయాయి. ప్రస్తారాలకున్న బటన్ వాడితే ఇదే జవాబు చక్కగా వస్తుంది. అందుకే సంభావ్యత లెక్కల్లో ముందు కాగితం మీద కొట్టివేతలు చేసుకున్నాకే బటన్ల దగ్గరికి వెళ్లాలి.

అంకెల గళ్లకూ ఇలాంటి హద్దే ఉంది, కానీ అది ఎర్రర్ చూపించదు. అందువల్ల అదే ఎక్కువ ప్రమాదం. 10²⁰+1−10²⁰ అని కొట్టండి. జవాబు ఒకటి రావాలి, సున్నా వస్తుంది. 10²⁰కు ఒకటి కలిపితే ఇరవై ఒక్క అంకెల సంఖ్య. లోపల ఉన్న గళ్లు తెర మీది పది కన్నా కొన్ని ఎక్కువే అయినా అన్ని లేవు. చివరి ఒకటి అంచు దాటి రాలిపోయింది. అదే లెక్కను 10²⁰−10²⁰+1 అని క్రమం మార్చి కొడితే సరిగ్గా ఒకటి వస్తుంది. పెద్ద సంఖ్యలూ చిన్న సంఖ్యలూ కలిసిన లెక్కలో ఏది ముందు చేస్తున్నామన్నది జవాబును మార్చేస్తుందని ఇంతకన్నా తేలిగ్గా చూపే ప్రయోగం నాకు తెలియదు. పిల్లలకు తప్పకుండా చేయించండి.

ఆఫీసుల్లో ఎక్సెల్ వాడేవాళ్లకు ఈ రెండు విషయాలూ వేరే వేషంలో పరిచయమే. గడిలో 12 అంకెల సంఖ్య టైపు చేస్తే అది 1.23457 పక్కన ‘ఈ’ అక్షరం, +11 అని మారిపోతుంది. ఆ అక్షరానికి ‘ఇంటూ పది మీద’ అని అర్థం. గడి ఫార్మాట్ మారిస్తే అంకెలన్నీ తిరిగి కనిపిస్తాయి, లోపల భద్రంగానే ఉన్నాయి. కానీ 16 అంకెల కార్డు నంబరు కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఏ ఫార్మాట్ మార్చినా తిరిగి రాదు. ఎక్సెల్ దాచుకునేది పదిహేను అంకెలే. కూడికలు, తీసివేతలు చెయ్యనక్కర్లేని నంబర్లను అక్షరాల రూపంలో దాచుకోవడమే దీనికి మందు.

*

ఇక ఘాతాంకం బటన్. కొన్ని కాసియోలలో దాని మీద ‘ఈఎక్స్‌పీ’ అని ఉంటుంది, తర్వాతి మోడళ్లలో ‘×10’ మీద చిన్న ‘ఎక్స్’ ఉంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు ‘ఈఈ’ అంటారు, హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు ‘ఈఈఎక్స్’ అన్నారు. పేరేదైనా పని ఒకటే. ‘ఇప్పటిదాకా కొట్టినవి అంకెల గళ్లలోకి, ఇక కొట్టబోయేవి ఘాతాంకం గళ్లలోకి’ అని యంత్రానికి చెప్పడం. ఇది గుణకారం కాదు. ఒకే సంఖ్యను రాయడంలో ఒక భాగం.

మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ పిల్లలు ఈఏపీసెట్‌కు క్యాలిక్యులేటర్ లేకుండా కూర్చుంటారు. ఇంజినీరింగ్‌లో చేరాకే చాలామందికి సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ సొంతమవుతుంది. సీనియర్ ఒకరు రెండు నిమిషాల్లో చూపించింది చూసి నేర్చుకుంటారు. అందుకే ఈ బటన్ దగ్గర రెండు తప్పులు తరం తర్వాత తరానికి అందుతున్నాయి.

మొదటిది తేలికైనది. అవొగాడ్రో సంఖ్య కొట్టాలంటే 6.022, ఈఎక్స్‌పీ, 23 కొడితే చాలు. పుస్తకంలో ఉన్నట్టే కొట్టాలని 6.022×10 కొట్టి ఆ తర్వాత ఈఎక్స్‌పీ 23 కొడితే, యంత్రానికి అది 6.022 ఇంటూ 10×10²³. జవాబు పదిరెట్లు పెరుగుతుంది.

రెండోది మోసకారి. దీన్ని దగ్గర నుంచి చూద్దాం. 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆకుపచ్చ కాంతి కణం, అంటే ఫోటాన్, ఎంత శక్తి మోస్తుంది? ప్లాంక్ స్థిరాంకం 6.626×10⁻³⁴ను కాంతి వేగం 2.998×10⁸తో హెచ్చించి, 5×10⁻⁷ మీటర్లతో భాగించాలి. విద్యార్థి ఘాతాంకం బటన్ వాడకుండా గుణకారం గుర్తు, 10, ఘాతం గుర్తు ఇలా ముక్కలుగా కొట్టుకుంటూ వెళ్లాడు. చివర్లో ÷5×10⁻⁷ అని కొట్టాడు. యంత్రం ఏం చేసిందంటే, ముందు అయిదుతో భాగించింది, తర్వాత ఆ ఫలితాన్ని 10⁻⁷తో హెచ్చించింది. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌కు బాడ్‌మాస్ తెలుసు. గుణకారం, భాగహారం సమాన హోదా ఉన్నవి కాబట్టి ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోయింది, అది దాని ధర్మం. జవాబు 3.973×10⁻³³ అని వచ్చింది. రావలసింది 3.973×10⁻¹⁹ జౌళ్లు.

ఆ రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. 3.973 రెండింటిలోనూ ఉంది. అంకెలు సరిగ్గా సరిపోయాయి, ఘాతం మాత్రం పద్నాలుగు స్థానాలు జారింది. పక్కవాడితో పోల్చుకుంటే మొదటి నాలుగు అంకెలు కలిశాయని ధీమా వస్తుంది. తేడా కోటి కోట్ల రెట్లు. అదే 5, ఈఎక్స్‌పీ, −7 అని కొట్టి ఉంటే ఆ మొత్తం ఒకే సంఖ్యగా గళ్లలో కూర్చునేది, భాగహారం దాన్ని విడదీయగలిగేది కాదు. బ్రాకెట్లు వేసినా సరిపోతుంది. కానీ ప్రతిసారీ బ్రాకెట్లు గుర్తుంచుకోవడం కన్నా, దీనికోసమే పెట్టిన బటన్‌ను వాడుకోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

చిన్న హెచ్చరిక: ఋణ ఘాతాంకానికి బ్రాకెట్లలో మైనస్ ఉన్న బటన్ వేరే ఉంటుంది, అదే వాడాలి. ఇంకొకటి, పాత మోడళ్ల తెర మీద 10 గుర్తు లేకుండా అంకెల పక్కన కాస్త ఎడంగా ఘాతాంకం ఒక్కటే కనిపిస్తుంది. దాన్ని అలాగే పరీక్ష పేపర్ మీదికి ఎక్కిస్తే 3.973ను మైనస్ పంతొమ్మిదో ఘాతానికి పెంచినట్టవుతుంది. కాగితం మీద ‘×10’ రాయాల్సిందే.

ఘాతం లెక్కను నోటితో కట్టుకోవడం ఒకప్పుడు ప్రతి ఇంజినీరుకూ తప్పనిసరి. క్యాలిక్యులేటర్లకు ముందు వాళ్లు వాడిన జారుడు బద్ద, అంటే స్లైడ్ రూల్, అంకెలనే ఇస్తుంది. దాని మీద 2 అంటే రెండా, రెండు వందలా, రెండు కోట్లా అనేది మనిషే తేల్చుకోవాలి. అపోలో వ్యోమగాముల వెంట చంద్రయాత్రకు వెళ్లిన పికెట్ కంపెనీ స్లైడ్ రూల్‌కూ ఇదే తీరు. బ్రిటన్‌లో 1974లో వచ్చిన సింక్లెయిర్ సైంటిఫిక్ దీనికి దగ్గరి చుట్టం. మామూలు నాలుగు ప్రక్రియల క్యాలిక్యులేటర్ కోసం చేసిన చిప్‌లోనే సైన్‌లు, లాగరిథమ్‌లు చేసే ప్రోగ్రామును ఇరికించారు. ఆ చిప్‌లో 320 ఆదేశాలకే చోటుంది. నైజెల్ సర్ల్ అనే ఆయన దాన్ని సాధించాడు. ఆ యంత్రానికి దశాంశ బిందువు బటనే లేదు. ఏ సంఖ్యనైనా ప్రామాణిక రూపంలోనే కొట్టాలి, మొదటి అంకె తర్వాత బిందువు ఉన్నట్టు అదే అనుకుంటుంది. 12.3 కావాలంటే 1, 2, 3 కొట్టి, ఘాతాంకం 1 ఇవ్వాలి. అంకెలకు అయిదు గళ్లు, ఘాతాంకానికి రెండు. π, e లాంటి స్థిరాంకాల విలువలను దాచడానికి లోపల చోటు చాలక, వాటిని యంత్రం ఒంటి మీదే అచ్చు వేశారు. అవసరమైనప్పుడు చూసి కొట్టుకోవడమే. ఒక్క సంఖ్యను గుర్తుపెట్టుకోవడం అప్పట్లో ఎంత ఖరీదైన పనో దాన్ని చూస్తే తెలుస్తుంది. హెచ్‌పీ-35కు సైతం దాచి తిరిగి తీసుకునే అర ఒక్కటే ఉండేది.

*

ఇప్పటి యంత్రాల్లో ఏ, బీ, సీ, డీ, ఎక్స్, వై అంటూ అక్షరాల పేర్లతో అరలు చాలా ఉన్నాయి. ‘ఎస్‌టీఓ’ నొక్కి అక్షరం నొక్కితే సంఖ్య అందులోకి పోతుంది, ‘ఆర్‌సీఎల్’ నొక్కి అక్షరం నొక్కితే తిరిగి వస్తుంది. ఒక్కో అరా పైన చెప్పిన గళ్ల వరసే: గుర్తు, అంకెలు, ఘాతాంకం. చాలామంది విద్యార్థులు నాలుగేళ్ల చదువులో వీటిని ముట్టుకోనే ముట్టుకోరు. తెర మీద వచ్చిన మధ్యంతర జవాబును కాగితం మీద రాసుకుని, మళ్లీ కొడతారు. అలా చేస్తే రెండు నష్టాలు. రాసుకోవడంలో, కొట్టడంలో తప్పు పడే అవకాశం ఒకటి. తెర మీద కనిపించని అంకెలు పోవడం రెండోది. 1÷3 చేసి, తెర మీద ఉన్న 0.3333333333 రాసుకుని, దాన్ని మళ్లీ కొట్టి మూడుతో హెచ్చిస్తే 0.9999999999 వస్తుంది. 1÷3 చేశాక ‘ఏఎన్‌ఎస్’ బటన్‌తో ఆ జవాబునే పిలిచి మూడుతో హెచ్చిస్తే ఒకటి వస్తుంది. పోయినసారి జవాబును యంత్రం తనంతట తానే దాచుకునే అర పేరే ఏఎన్‌ఎస్. తెర చూపినదానికన్నా కొన్ని అంకెలు ఎక్కువగా అందులో ఉంటాయి. మూడో వంతు దగ్గర ఈ తేడా లెక్కలోకి రాదు. రాసుకునేటప్పుడు మూడు అంకెలకే కుదించుకుని, ఆ తర్వాత దగ్గర దగ్గరగా ఉన్న రెండు సంఖ్యలను తీసివేస్తేనే అసలు దెబ్బ తగులుతుంది.

తెర మీద రూపాన్ని మన ఇష్టప్రకారం మార్చుకోవచ్చు, దానితో లోపలి సంఖ్య మారదు. కాసియోలో 1÷200 కొడితే ఒకరి యంత్రంలో 5×10⁻³ అనీ పక్కవారి దానిలో 0.005 అనీ రావచ్చు. మొదటిది ‘నార్మ్ 1’ సెట్టింగు, రెండోది ‘నార్మ్ 2’. ‘ఈఎన్‌జీ’ బటన్ ఘాతాంకాన్ని మూడు గుణిజాల్లో ఉంచుతుంది. 1234 మీద నొక్కితే 1.234×10³ అవుతుంది. కిలో, మెగా, గిగా, అటు మిల్లీ, మైక్రో వాడే ఎలక్ట్రికల్ వాళ్లకు ఇది ప్రాణం. రూపాయల్లో ఆలోచించేవాళ్లకు మాత్రం అంతగా అచ్చిరాదు. మన లక్ష 10⁵, కోటి 10⁷, రెండూ మూడు గుణిజాలు కావు. కోటి మీద ఈఎన్‌జీ నొక్కితే 10×10⁶, అంటే పది మిలియన్లు అంటుంది. ఘాతాంకం 7 కనిపిస్తే కోటి, 12 కనిపిస్తే లక్ష కోట్లు అని గుర్తు పెట్టుకుంటే సైంటిఫిక్ తెర కూడా తెలుగులోనే చదువుకోవచ్చు.

అన్నిటినీ కలిపి వాడే లెక్క ఒకటి చేద్దాం. సూర్యుణ్ణి తూచాలి. భూమి సూర్యుడి చుట్టూ ఎంత దూరంలో, ఎంత కాలంలో తిరుగుతోందో తెలిస్తే సూర్యుడి ద్రవ్యరాశి తెలిసిపోతుందని న్యూటన్ గురుత్వ నియమం చెబుతుంది. 4π²ను దూరం ఘనంతో హెచ్చించాలి. గురుత్వ స్థిరాంకాన్ని కాలం వర్గంతో హెచ్చించి, ఆ వచ్చినదానితో భాగించాలి.

దూరం 1.496×10¹¹ మీటర్లు. 1.496, ఈఎక్స్‌పీ, 11 కొట్టి ‘ఏ’ అనే అరలో దాచండి. కాలం ఒక ఏడాది, సెకన్లలో 3.156×10⁷. దాన్ని బీలో. గురుత్వ స్థిరాంకం 6.674×10⁻¹¹, దాన్ని సీలో. బటన్లు నొక్కే ముందు నోటితో ఒక అంచనా కడదాం. ఘాతాలు చూస్తే, దూరం ఘనానికి 33. కింద కాలం వర్గానికి 14, గురుత్వ స్థిరాంకానికి మైనస్ 11, కలిపితే 3. 33లోంచి 3 పోతే 30. అంకెలు చూస్తే, 4π² సుమారు నలభై, 1.5 ఘనం మూడుంపావు పైన, పైన దాదాపు 130. కింద పదీ ఆరున్నరా, 65. భాగిస్తే రెండు. జవాబు 2×10³⁰ కిలోల చుట్టుపక్కల ఉండాలి. ఇప్పుడు 4π²×ఏ³÷(సీ×బీ²) కొట్టండి. 1.988×10³⁰ వస్తుంది. సూర్యుడి ద్రవ్యరాశిగా పుస్తకాల్లో ఉండేది ఇదే. ముందే అంచనా చేతిలో ఉంది కాబట్టి, ఎక్కడైనా ఘాతం జారి ఉంటే ఈ క్షణంలోనే పట్టుబడేది.

ఇక్కడే అక్షరాల అరలు తమ సత్తా చూపిస్తాయి. కొట్టిన సూత్రం యంత్రంలో అలాగే ఉంది, బాణం బటన్ నొక్కితే తిరిగి తెర మీదికి వస్తుంది. 1610లో గెలీలియో తన దుర్భిణితో గురుగ్రహం పక్కన చూసిన నాలుగు ఉపగ్రహాల్లో అన్నిటికన్నా లోపల తిరిగేది అయో. గురుగ్రహం కేంద్రం నుంచి దాని దూరం 4 లక్షల 21 వేల 700 కిలోమీటర్లు, మీటర్లలో 4.217×10⁸. ఒక చుట్టుకు పట్టేది నలభై రెండున్నర గంటలు, సెకన్లలో 1.529×10⁵. దూరాన్ని ఏలో, కాలాన్ని బీలో పెట్టండి. పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. సీని కదపనక్కర్లేదు, గురుత్వ స్థిరాంకం అక్కడా ఇక్కడా ఒకటే. సూత్రాన్ని వెనక్కి పిలిచి ‘=’ నొక్కితే 1.897×10²⁷. అది గురుగ్రహం ద్రవ్యరాశి, కిలోల్లో. సూర్యుడిలో వెయ్యో వంతుకన్నా కాస్త తక్కువ.

తర్వాతిది మీరే చెయ్యండి. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్‌ను 1655లో హైగెన్స్ కనుక్కున్నాడు. దూరం 1.222×10⁹ మీటర్లు, ఒక చుట్టుకు పట్టే కాలం 1.378×10⁶ సెకన్లు. ముందు ఘాతాలు నోటితో కట్టుకోండి: 27 పైన, 12లోంచి 11 పోగా మిగిలిన 1 కింద. అంకెల వంతు చూస్తే పైన సుమారు 72, కింద దాదాపు పన్నెండున్నర. ఏ, బీ మార్చి ‘=’ నొక్కాక తెర మీద 5.684×10²⁶ రావాలి.